దారం కొరికిన పన్ను

2018 నవంబరులో తెనాలి ఆసుపత్రివారు నన్ను వారానికి రెండు రోజులు రేపల్లె శాఖకు వేశారు. హోదా కన్సల్టెంట్ దంతవైద్యుడు. మేం చదివిన రోజుల్లో ఇంప్లాంట్, అంటే ఎముకలో మర దించి దానిమీద పన్ను నిలపడం, మాకు పాఠంగా చెప్పలేదు. పుస్తకాలు చూసి, ప్రతి కేసులో అంకెలు కొలిచి సొంతంగా నేర్చుకున్నాను.

అక్కడ నా మొదటి కేసు మార్తమ్మగారు, టైలరు. పై వరుసలో ముందు పన్ను పోయింది. క్రిస్మస్ ఆరాధనలో వాక్యం చదవాల్సిన మనిషి. దవడ ఎముకలో టైటానియం మర బిగించి, దానిమీద తాత్కాలిక పన్ను పెట్టాను. పాతకాలపు మరలు నున్నగా ఉండేవి. ఇది ఇసుక రువ్వి, యాసిడ్‌తో గరుకు చేసినది. గరుకెందుకని ఆమె అడిగింది. పాత గోడకు గంట్లు కొట్టకుండా సిమెంటు పూస్తే నిలవదు, ఎముకా అంతే అన్నాను.

"అయితే నా నోట్లో తాపీపని చేశారన్నమాట!" అంది.

మర ఎంత గట్టిగా ఉందో నూటికి లెక్కగట్టే పరికరం ఉంది. మొదటిరోజు 71 చూపింది. అప్పటి పట్టు ఎముకను కరుచుకున్న మర చుట్లది. పాత ఎముక కరిగి కొత్తది పెరిగేలోగా, మూడు నాలుగు వారాలకు అంకె కాస్త పడుతుంది. గరుకు మరకు ఆ పడటం తక్కువ, లేవడం త్వరగా.

నాలుగో వారం పన్ను విప్పి కొలిస్తే 58. నా అంచనా 66. విప్పిన పన్ను అంచున గులాబీరంగు దారప్పోగు చిక్కుకుని ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"పిల్లల క్రిస్మస్ గౌన్లండి. పంటితో తెంపకపోతే నాకు చెయ్యాడదు."

"ముందు పంటితో ఏదీ కొరకొద్దన్నానుగా?"

"తినేవాటి గురించి అనుకున్నానండి. దారం తింటామా ఏంటి?"

తెనాలికి ఫోన్ చేశాను. మర తీసేసి, ఎముక మానాక మళ్లీ వేయమన్నారు చీఫ్ సర్జన్‌గారు. అంటే ఆమెకు రెండో కోత, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. కానీ నొప్పి లేదు, చీము లేదు, మర కదలడం లేదు. దానిమీద ఒత్తిడి తీసేస్తే ఎముక పట్టుకుంటుందని నా లెక్క. రెండు వారాలు గడువడిగాను.

"లేవకపోతే?" అన్నారాయన.

"నేనే తీస్తానండి."

మరమీద బరువు పడకుండా దానికి మూత బిగించి, అంగిలికి ఆనే ప్లేటుకు అతికించిన, పెట్టి తీసే పన్ను ఇచ్చాను. పండగ మర్నాడే ఆమె వచ్చింది.

"వాక్యం చదువుతుంటే 'స' అన్నప్పుడల్లా ఈల వచ్చిందండి, పిల్లలు ఒకటే నవ్వు. మీ అంకె లేవకపోతే ఊరుకోను."

గడువు నాటికి 65. మరో నెలకు 74. అసలు పన్ను బిగించాను, ఇప్పటికీ గట్టిగా ఉంది. ఆ తర్వాత చీఫ్ సర్జన్‌గారు బాపట్ల శాఖ ఇంప్లాంట్లు కూడా నాకే అప్పగించారు.

గరుకుదనం ఎముకను త్వరగా రప్పిస్తుంది. అది వచ్చేదాకా మరను కదలనివ్వకపోవడం వైద్యుడి పని, రోగి పని. విరమణ దాకా నేను మర వేసేముందు అందర్నీ ఏం తింటారని మాత్రమే కాదు, పళ్లతో ఇంకేం పనులు చేస్తారని కూడా అడిగేవాణ్ణి.