మైకులో చదివిన నా కడుపుమంట

మొన్న శనివారం నుంచి నల్లపాడు రోడ్డులో వెళ్ళాలంటే మొహం మీదికి చున్నీ లాక్కుని వెళ్తున్నా. అక్కడ ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని ముందు కూర్చునే మిర్చి రైతులందరికీ ఇప్పుడు నా పేరు తెలుసు, నా మనసులో ఉన్నదీ తెలుసు. ఎవరో చాడీలు చెప్పి కాదు, నేనే చెప్పుకున్నా. అదీ మైకులో. టీ పోసుకోండి, మొదటి నుంచి చెబుతా.

బ్రాడీపేటలో మా ఆఫీసు మీరు చూసిందేగా. మేడ మీద రెండు గదులు, మూడు కంప్యూటర్లు, మా సారు, నేను, షకీలా. నేను చేరి నాలుగేళ్ళు, షకీలా చేరి ఆరు నెలలు. మిర్చి కోల్డ్ స్టోరేజీలకి ప్రోగ్రాములు రాసిస్తాం. ఆ పనంతటికీ ఒక ఇన్‌ఛార్జిని పెడతానని సారు దసరా నుంచి అంటున్నారు. ఆ ఇన్‌ఛార్జి సునీతే, అంటే నేనే, అని నేను అప్పుడే ఫిక్సయిపోయా. విజిటింగ్ కార్డు మీద పేరు ఏ రంగులో వేయించాలో కూడా అనుకున్నా.

నా ప్రోగ్రాం పనేంటంటే, స్టోరేజీలో ఉన్న టిక్కీల్లో, అదే మిర్చి బస్తాల్లో, ఇవాళ బయటికి వెళ్ళేవి ఏవో లాట్లవారీగా, అంటే రైతువారీగా, వెతికి లిస్టు ఇవ్వడం. ఇస్తుంది. ఒక్క తప్పు లేకుండా ఇస్తుంది. కాకపోతే అక్కడున్నది డొక్కు కంప్యూటరు, మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ స్క్రీన్ నల్లగా ఉంటుంది. గుమాస్తా ఏసుదాసు గారు ఒక నిమిషం చూస్తారు, ఇదేదో పోయిందనుకుని స్విచ్ కట్టేస్తారు, నాకు ఫోన్ చేస్తారు. "అమ్మాయ్, నీ ప్రోగ్రాం మళ్ళీ పడుకుంది." పడుకోలేదండీ బాబూ, పని చేసుకుంటోంది అంటే వినిపించుకుంటేగా!

షకీలా రాసింది బస్తాలు తూచే కాటా దగ్గర ప్రోగ్రాం. అది కూడా నల్ల స్క్రీనే, నాదానికంటే ఆలస్యం కూడా. కానీ ఈవిడగారు మధ్యమధ్యలో నాలుగు లైన్లు పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఫైలు తెరిచాను. వంద లాట్లు చూశాను. ఇంకా కొంచెమే ఉంది. ఇంతే. ఏం చేస్తున్నదీ ప్రోగ్రామే ఎప్పటికప్పుడు చెప్పుకుంటూ పోవడం, లాగ్ అంటారు. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. దానికే ఏసుదాసు గారు మా సారుకి ఫోన్ చేసి, షకీలమ్మ ప్రోగ్రాం మనిషిలా మాట్లాడుతుందండీ, దాని ముందు ఎంతసేపైనా కూర్చోబుద్ధేస్తుంది అన్నారట.

సారు ఆ మాట నా ముందు మూడుసార్లు చెప్పారు. మొదటిసారి నవ్వాను. రెండోసారి నీళ్ళు తాగాను. మూడోసారికి నా వల్ల కాలేదు. నాలుగేళ్ళుగా నోరు మూసుకుని పని చేసినదానికి పేరు లేదు, కబుర్లు చెప్పేదానికి పేరా? ఉన్నమాట చెబుతున్నా, కుళ్ళుకుని చచ్చాను. ఆ రోజు షకీలా ఇంటి నుంచి తెచ్చిన సేమ్యా పాయసం కూడా ముట్టుకోలేదు. చాలా బాగుందట.

శనివారం ముగ్గురం వెళ్ళి రెండు ప్రోగ్రాములూ చూద్దాం, ఇన్‌ఛార్జి సంగతి అక్కడే తేల్చేస్తాను అన్నారు సారు. నేను గురువారం మధ్యాహ్నమే కూర్చున్నా. ఆవిడ నాలుగు లైన్లు పెడితే నేను పధ్నాలుగు పెట్టా. కంగారు పడకండి, చదువుతున్నాను. సగం అయింది, వెళ్ళి టీ తాగి రండి. ఆఫీసులో నడిపి చూస్తే స్క్రీన్ మీద లాట్లూ కబుర్లూ కలిసి జలజలా వస్తున్నాయి. నా మీద నాకే ముద్దొచ్చింది.

షకీలా వెనక నుంచి చూసింది. "అక్కా, భలే ఉన్నాయి. కాకపోతే ఆ లైన్లు పంపే దారి ఒక్కసారి..."

"నాకు తెలుసులే," అన్నా, తల కూడా తిప్పకుండా.

ఆ పిల్ల బ్యాగు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక నా చేతులు ఆగలేదు. నా కడుపుమంటంతా ఇంకో మూడు లైన్లు రాసి, నడిపి చూసుకుని, ఒక్కదాన్నే నవ్వుకున్నా. పొద్దున తీసేద్దామనే అనుకున్నా, ఒట్టు. శుక్రవారం పొద్దున్నుంచీ కరెంటు లేదు. శనివారం వచ్చీ రాగానే కింద సారు హారన్ కొడుతున్నారు, గబగబా ఫ్లాపీలో ఎక్కించుకుని మెట్లు దిగేశా.

స్టోరేజీలో ఘాటుకి ముగ్గురం తుమ్ముకుంటూనే లోపలికెళ్ళాం. బయట షెడ్డులో ఓ అరవై మంది రైతులు చీటీలు పట్టుకుని కూర్చున్నారు. అక్కడి పద్ధతేంటంటే, లిస్టు ప్రింటవగానే ఏసుదాసు గారు మైకులో చదువుతారు, ఎవరి లాటు వినపడితే వాళ్ళు లేచి గేటు దగ్గరికెళ్ళాలి. ఏసుదాసు గారు ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. కాగితం మీద ఏముంటే అది, ఒక్క అక్షరం వదలకుండా, ఎక్కడా ఆగకుండా, అదే గొంతుతో చదువుతారు.

నా ప్రోగ్రాం నడిపారు. స్క్రీన్ నల్లగా ఉంది. నిమిషమైంది, నల్లగానే ఉంది. "మళ్ళీ పడుకుందమ్మా," అన్నారాయన. సారు నా వైపు చూశారు. నా కబుర్లు ఏమైపోయాయా అని బుర్ర గోక్కుంటుంటే అప్పుడు వెలిగింది. ప్రోగ్రాం ఇచ్చేదంతా స్క్రీన్ మీదికి రాకుండా ఒక ఫైల్లోకి వెళ్ళేలా, అవగానే అది ప్రింటయ్యేలా నాలుగేళ్ళ క్రితం అక్కడ ఏర్పాటు చేసింది నేనే. ఆఫీసులో ఆ ఏర్పాటు లేదు. అంటే లిస్టుతో పాటు నా పదిహేడు లైన్లూ కాగితం మీదికే. పదిహేడూ.

ఈలోపు ప్రింటర్ కిర్రుకిర్రుమంది. ఏసుదాసు గారు కాగితం చర్రున చింపుకుని మైకు గదిలోకెళ్ళి, ఘాటు రాకుండా రోజూలాగే లోపల గడియ పెట్టుకున్నారు.

"లాట్ నూట పన్నెండు, ప్రత్తిపాడు, నలభై టిక్కీలు. కంగారు పడకండి, చదువుతున్నాను."

రైతులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నేను కిటికీ అద్దం మీద కొట్టా. ఆయన ఆగమన్నట్టు అరచెయ్యి చూపించి చదువుతూనే ఉన్నారు. కాసేపటికి, సగం అయింది, వెళ్ళి టీ తాగి రండి అని వినపడింది. సగం మంది లేచి నిజంగానే టీకొట్టుకి వెళ్ళిపోయారు. గేటు దగ్గర హమాలీలు, ఏమయ్యా మీ లాట్లొచ్చాయి రండి అని వాళ్ళ వెనక పరిగెత్తారు. పోనీ ఇంతటితో పోయింది అనుకున్నా.

"లాట్ మూడు వందల ఆరు, నాదెండ్ల, పాతిక టిక్కీలు. ఇదే షకీలా ప్రోగ్రాం అయితే ఇంకా సోది చెబుతూ ఉండేది. లాట్ మూడు వందల పదకొండు, పెదనందిపాడు, అరవై టిక్కీలు. నాలుగేళ్ళ నుంచి చాకిరీ చేస్తోంది నేను, ఇన్‌ఛార్జి కావాల్సింది నేను."

షెడ్డులో తలలన్నీ మా వైపు తిరిగాయి. సారు తుమ్ము కూడా ఆగిపోయింది. షకీలా వైపు చూసే ధైర్యం లేక నేను మిర్చి టిక్కీల వైపు చూస్తూ నిలబడ్డా.

"పని పూర్తయింది. ఇంత బాగా రాసిందెవరో అడగండి."

పాగా చుట్టుకున్న పెద్దాయన ఒకాయన లేచి, చాలా మర్యాదగా అడిగాడు. "ఎవరండీ రాసింది?"

ఏసుదాసు గారు కాగితం మీద కింది లైను చూసుకుని మైకులోనే జవాబిచ్చారు. "సునీత."

తర్వాత షకీలా వెళ్ళి కీబోర్డు ముందు కూర్చుంది. లిస్టుకి ఒక దారి, కబుర్లకి ఇంకో దారి ఉంటుందట. కబుర్లని ఆ రెండో దారిలో పంపితే ఫైల్లోకి వెళ్ళకుండా స్క్రీన్ మీదే కనపడతాయట. ఆ రోజు ఆవిడ చెప్పబోయింది అదే. పది నిమిషాల్లో సరిచేసింది. నా మూడు లైన్లు తీసేసింది, టీ లైను మాత్రం ఉంచింది. ఏసుదాసు గారు స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని మురిసిపోయారు. సారు అక్కడికక్కడే తేల్చేశారు. ఇన్‌ఛార్జి షకీలా.

నిన్న మళ్ళీ పని పడి ఇద్దరం వెళ్ళాం. చున్నీ ఎంత కప్పుకున్నా ఆ పాగా పెద్దాయన గుర్తుపట్టేశాడు. ఇన్‌ఛార్జి గారొచ్చారు, జరగండ్రా అని నాకు దారిచ్చి కుర్చీ వేయించాడు. మైకులో విన్నది పట్టుకుని షెడ్డంతా నన్ను అలాగే పిలుస్తోంది. అసలు ఇన్‌ఛార్జి నా పక్కనే నిలబడి ఉంది. కనీసం ఇప్పుడైనా దీని మొహం మాడుతుందేమోనని ఆశగా చూశా. హాయిగా నవ్వి, "కూర్చో అక్కా, నీకు పాయసం తెచ్చా," అంది.

పాయసం నిజంగానే బాగుంది. కానీ చూడండి, ఆ పిల్లకి అసలు కుళ్ళే లేదు. ఇప్పుడు నాకు దాని మీద కుళ్ళు.