చర్మం బయట కనిపించిన క్లిప్పు

ఆ రోజు పొద్దున మూత్రం ఎర్రగా వచ్చింది. ముందురోజు తిన్న బీట్‌రూట్ అనుకొని బడికి వెళ్లిపోయాను. మూడో పీరియడ్‌లో ఎడమవైపు నడుములో పోటు మొదలై, బోర్డు పట్టుకొని నిలబడాల్సి వచ్చింది.

భద్రాచలం అవతల, అడవి అంచు ఊళ్లో నేను సైన్సు టీచర్ని. అల్ట్రాసౌండ్ చేసిన డాక్టరమ్మ, "కిడ్నీ మీద ఏదో ఉన్నది సార్. గడ్డనా, నీటిబుగ్గనా సీటీ స్కాన్‌లనే తెలుస్తది" అని ఖమ్మం పంపింది. బయల్దేరేముందు మా ఆవిడ నా మొలతాడుకు, సరిగ్గా నొప్పి ఉన్నచోట, రాగి తాయెత్తు కట్టింది. ఇరవై ఏళ్లుగా తాయెత్తుల్ని క్లాసులో వెక్కిరించినవాణ్ని. అయినా వద్దనలేదు. భయమేసింది.

స్కాన్ గదిలో టెక్నీషియన్ నన్ను చూడగానే దండం పెట్టింది. నా దగ్గర ఏడో తరగతి చదివిన సమ్మక్క.

"సార్, ఒంటి మీద బంగారం, ఇనుము, రాగి ఏమన్నా ఉన్నయా?"

"లేవమ్మా."

ముందుగా తీసే చిత్రంలోనే అది దొరికిపోయింది. "నడుము కాడ ఏందో తెల్లగ మెరుస్తుంది సార్."

"పాత ఆపరేషన్‌లో లోపల వేసిన క్లిప్పు" అనేశాను. నాకు అసలు ఏ ఆపరేషనూ కాలేదు. ఆమె నమ్మింది, సార్ చెప్పాడు కదా.

సాయంత్రం రేడియాలజిస్టు నన్నూ సమ్మక్కనూ పిలిచారు. తెరమీద ఆ మెరుపు చుట్టూ తెల్లగీతలు కిడ్నీని అడ్డంగా కప్పేశాయి.

"ఇది మెటల్ ఆర్టిఫాక్ట్, లోహం వల్ల పడే ఉత్త గీతలు. సాఫ్ట్‌వేర్ పెట్టి బొమ్మను మళ్ల కట్టిన. గీతలు తగ్గినయ్. కానీ గీతల కింద ఏమున్నదో అది అంచనా కడ్తది, అంతే. ఆ అంచనా మీద ఆపరేషన్ చెయ్యమంటరా?" అని, మెరుపు మీద వేలు పెట్టారు. "ఇంకోటి. మీ క్లిప్పు చర్మం బయట ఉన్నది సార్."

సిగ్గుతో చచ్చిపోయాను. చొక్కా పైకి జరిపి, మొలతాడు తెంపబోయాను.

"తెంపకుండ్రి సార్," అంది సమ్మక్క మెల్లగా. "ముడి విప్పితే సాలు."

అప్పుడు గుర్తొచ్చింది. ఏడో తరగతిలో ఆమె దండచేతికున్న తాయెత్తును అందరి ముందూ బ్లేడుతో కోసేసింది నేనే. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు.

రెండో స్కాన్ స్పష్టంగా వచ్చింది: చిన్న గడ్డ. కిడ్నీలో కొంత భాగం తీసేశారు. కుట్లు చీము పట్టి ఆస్పత్రిలో పది రోజులు ఎక్కువ ఉన్నాను. "జల్దీ దొరికింది, బతికిపోయిండ్రు" అన్నారు సర్జన్.

ఇప్పుడు మళ్లీ బడికి వెళ్తున్నాను. ఆరు నెలల చెకప్‌కు వెళ్లినప్పుడు, "ఆనాడు తప్పు చేశానమ్మా" అన్నాను సమ్మక్కతో.

"అవ్ సార్, యాదికున్నది," అంది. ఫర్వాలేదు అనలేదు. అనమని అడిగే ముఖం నాకూ లేదు. "ఇయ్యాల ఒంటి మీద ఏమన్నా ఉన్నదా?"

"ఉందమ్మా" అని తాయెత్తు ముడి విప్పి ఆమె చేతిలో పెట్టాను.

స్కాన్‌కు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే. తాయెత్తో, మొలతాడో, పుస్తెలో, ఏదున్నా బయటే విప్పి మీవాళ్ల చేతికివ్వండి, తర్వాత మళ్లీ కట్టుకోవచ్చు. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.