మా గల్లీకి విమానం పేరు

మా చిన్నప్పుడు... విమానం చప్పుడు వినపడితే చాలు, కొత్తవాడ పిల్లలమంతా గల్లీలోకి ఉరికేవాళ్ళం. పైకి చూస్తూ చేతులూపేవాళ్ళం. అందులో ఉన్నవాళ్ళకు మేము కనపడతామని మా గట్టి నమ్మకం.

ఆ రోజు కూడా అలాగే ఊపాం. కానీ ఆ మిలిటరీ విమానం వెనక నల్లటి పొగ... పైపైన పోవాల్సింది కిందికి వస్తోంది. మా అమ్మ కండెలు చుట్టే రాట్నం వదిలేసి వచ్చి, నన్ను జడ పట్టుకుని సందులోకి లాగింది. తర్వాత వినపడిన చప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను. గూనపెంకలు ఎగిరి మా వాకిట్లో పడ్డాయి.

విమానం పడింది మా ఎదురింటి ఎల్లయ్య మామ ఇంటి మీద. ఆయన జంపఖానాలు నేసేవాడు... గుంటమగ్గం మీద. కాళ్ళు రెండూ గుంటలో పెట్టుకుని కూర్చోవాలి. గల్లీలో అందరూ ఉరికారు. గుంటలో కూర్చున్నవాడు ఉరకాలంటే ముందు కాళ్ళు బయటికి తీయాలి కదా... ఆయనకు అంత వ్యవధి దొరకలేదు. ఆయన భార్య రాజవ్వత్త నల్లా దగ్గర బిందె నింపుతోంది కాబట్టి బతికింది.

పైలట్ పారాచూట్‌తో దూకి ఊరి బయట పొలాల్లో దిగాడట. బతికాడు, మంచిదే. ఆయన మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా మావాళ్ళ మీదే.

ఏం జనం అనుకున్నారు... మంటలార్పడానికి బిందెలతో వచ్చినవాళ్ళు కొందరైతే, ముక్కలేరుకోవడానికి వచ్చింది ఊరు ఊరంతా. ఒకాయన రేకు పట్టుకెళ్ళి కోళ్ళగూటికి తలుపు చేసుకున్నాడు. ఒకావిడ ఏదో గుండ్రటి బిళ్ళను బియ్యం గుమ్మిలో దాచి, పోలీసులు అడిగితే "మాకేం ఎర్క సారూ" అంది. అవతల చచ్చినవాడి ఇంట్లో పొగ ఇంకా ఆరలేదు. సిగ్గూ శరమూ ఉంటే కదా.

మర్నాడు ఒక లీడర్ రాజవ్వత్త పరామర్శకు వచ్చాడు. కింద కూర్చుంటే ఫొటో బాగా వస్తుందట... వెంట వచ్చినవాడొకడు "జర ఏమన్న పరువుండ్రి" అన్నాడు. మా గల్లీలో జంపఖానాలకేం కరువు. ఇంట్లో జాగా లేక ఎల్లయ్య మామ మా అర్రలో మడతపెట్టి ఉంచినవే తీసుకెళ్ళి కూలిన ఇంటి ముందు పరిచారు. పెద్దమనిషి చెప్పులతోనే ఎక్కి కూర్చున్నాడు.

"అదృష్టమంతుడమ్మా నీ భర్త. విమానమెక్కే యోగం అందరికుంటదా... ఆయన కోసం విమానమే ఇంటికొచ్చింది" అన్నాడు.

దాన్ని ఓదార్పు అంటారట. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునని తలలూపారు. ఆ తలల్లో ఇంకేముంది గనక... రాజవ్వత్త మాత్రం ఆయన చెప్పుల వంకే చూస్తూ కూర్చుంది.

ఇక వార్త ఊళ్ళకు పాకింది, ఎల్లయ్య విమాన ప్రమాదంలో పోయాడని. దినాలకు వచ్చిన చుట్టాలు ఏడుస్తూనే ఆరా తీశారు. "మాకొక్క మాట సెప్పకుంట విమానమెప్పుడెక్కిండు అక్కా? ఏ దేశం పోతాండె?"

వచ్చిన ప్రతి ఒక్కరికీ రాజవ్వత్తది ఒకటే జవాబు. "విమానంల కాదు. మగ్గంల పోయిండు."

ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. మగ్గంలో పోతే చెప్పుకోవడానికి ఏముంటుంది? గల్లీ మొదట్లో చాయ్ హోటల్ సాంబయ్య బోర్డు మార్పించి "విమానం హోటల్" అని రాయించాడు. పైలట్ దూకే ముందు తనవైపే చూశాడని గిరాకీలకు కథలు చెప్పేవాడు. ఆ సమయంలో ఆ మహానుభావుడు బల్ల కింద ఉన్నాడని గల్లీకంతా తెలుసు. అయినా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. హనుమకొండలో ఆటో ఎక్కి "విమానం గల్లీ" అంటే చాలు, తెచ్చి దింపేవాళ్ళు.

చివరికి ఆమె కూడా "విమానం రాజవ్వ" అయింది. కూరగాయల బండివాడు అలా పిలిస్తే, బేరం మధ్యలోనే బుట్టలో వేసిన టమాటాలు బండి మీద పోసి వచ్చేసేది. "ఎల్లయ్య పెండ్లామని పిలువు, లేకుంటే పిలువకు" అనేది. మొండిదన్నారు, పిచ్చిదన్నారు... మా గల్లీ మొత్తంలో బుద్ధున్న మనిషి ఆమె ఒక్కతే అని నేనంటాను.

మొన్న అమ్మ దగ్గరికి వెళ్ళాను. గల్లీ మొదట్లో కొత్తగా నీలం బోర్డు... పెద్ద పెద్ద అక్షరాలతో "విమానం గల్లీ". నలుగురు కుర్రాళ్ళు దాని కింద చేతులు రెక్కల్లా చాపి రీల్స్ తీసుకుంటున్నారు. "ఆంటీ, ఈడ ఎయిర్‌పోర్ట్ ఉండెనా?" అని నన్నే అడిగాడొకడు. మెడలో కాలేజీ ఐడీ కార్డు కూడా ఉంది.

రాజవ్వత్త అరుగు మీద కూర్చుని ఉంది. చూపు బాగా మందగించింది. నా గొంతు గుర్తుపట్టి, "ఏందో కొత్త బోర్డు వెట్టిండ్రట... ఏమని రాసిండ్రు బిడ్డా?" అని అడిగింది.

అబద్ధం చెబుదామనిపించింది. కానీ ఆమెకు అబద్ధం చెప్పినవాళ్ళు ఇప్పటికే చాలామంది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

రాజవ్వత్త బోర్డు ఉన్న వైపు తల తిప్పింది. తర్వాత నెమ్మదిగా అంది... "ఆయన బతికినన్ని దినాలు ఈడనే నేసిండు. అది ఒక్కపారి పడ్డది. దాని పేరు వెట్టిండ్రా?"

 

ఇప్పుడు మా గల్లీలో మగ్గాల చప్పుడు లేదు. నేసిన చేతులు చాలావరకు పోయాయి, బోర్డు మాత్రం తళతళలాడుతోంది. మీ గల్లీలకూ ఏవో పేర్లుంటాయి కదా... అక్కడ బతికి పోయిన మనుషుల పేర్లు గుర్తుంటే కింద రాయండి. బోర్డుల మీద ఎలాగూ ఎవరూ రాయరు.

మొదటిది నేను రాస్తున్నా... ఎల్లయ్య. జంపఖానాలు నేసేవాడు.