బావగారి బిరుదులు, సాకెట్ చిరునామా

ఆమెను ఇంట్లో అందరూ నిదానం అంటారు. తాళం వేశాక వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తుంది. కాఫీ కప్పు ముందుంచితే, అందులో ఏదో ఒక లోపం బయటపడకపోతుందా అన్నట్టు చూస్తూ కూర్చుని చల్లారాక తాగుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళలో ఈ గుణాన్ని ప్రతిభ అంటారు, అత్తవారింట్లో వేరే మాట ఉంది.

కంపెనీ ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టిన నిదానానికి తొలి గిరాకీ స్వయానా బావగారు. భర్తకు అన్నగారైన ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. చుట్టం కాబట్టి అలుసుగా చూడరని ఆమె ధైర్యం, చుట్టం కాబట్టి ఎప్పుడైనా తిట్టొచ్చని ఆయన ధైర్యం.

దుకాణంలో చూపు కొలిచే మిషను ఉంది. అది చెప్పే అంకెలను ఒక ప్రోగ్రాము వింటుంది. విన్నది పక్క ప్రోగ్రాముకు అందిస్తే, అది అద్దాలు అరగదీసే మేస్త్రికి చీటీ తీస్తుంది. రెండు ప్రోగ్రాములూ ఒకే కంప్యూటర్లో కాపురముంటాయి. వాటి మధ్య మాట్లాడుకోవడానికి సాకెట్ అనే కిటికీ ఒకటి, ఆ కిటికీకి ఫైలు పేరులాంటి చిరునామా ఒకటి. పాత కంప్యూటర్లో ఈ సంసారం ఏ గొడవా లేకుండా సాగింది.

అప్పుడు బావగారు ఖరీదైన కొత్త కంప్యూటరు కొన్నారు. దాని ఆపరేటింగ్ సిస్టం వేరు. అందులో చీటీ రాలేదు. తెర మీద "అవతల ఎవరూ లేరు" అని మాత్రం వచ్చింది.

"ఏమ్మా, పాతది నీ మాట విన్నదిగా. దీనికేం రోగం?"

"చూస్తున్నాను బావగారూ."

"చూపు సంగతి నేను చూసుకుంటా. నువ్వు బాగుచెయ్యి. సాయంత్రం దుకాణం తెరిచేలోగా నడవకపోతే కంపెనీవాళ్ళ రెడీమేడ్‌ది పెట్టించేస్తా. తర్వాత ఏమీ అనుకోకు."

సొంత బావగారే తీసి పారేసిన ప్రోగ్రామును పరాయివాడెవడూ కొనడు. మళ్ళీ పాత ఆఫీసు మెట్లెక్కాల్సిందే. బావగారు భోజనానికి వెళ్ళగానే నిదానం ఆయన కుర్చీలో కూర్చుంది.

కొత్త కంప్యూటర్లో తన పేరుతో ఒక ఖాతా తెరిచి నడిపితే చీటీ చక్కగా వచ్చింది. బావగారి ఖాతాలో రాలేదు. మళ్ళీ తన ఖాతాలో వచ్చింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి ఈ వింత చూశాడు.

"మీరుంటే పలుకుతోంది, ఆయనుంటే మూగబోతోంది. మా అందరి పరిస్థితీ అదేనమ్మా."

ఆమెకు అప్పుడు వెలిగింది. "అవతల ఎవరూ లేరు" అన్నది కంప్యూటరు మాట కాదు. వాడేవాళ్ళు కంగారుపడకూడదని, ఏ తప్పు జరిగినా అదొక్కటే కనబడేలా తానే దయతో రాసిన వాక్యం. దయను తీసేసి మళ్ళీ నడిపింది. సిస్టం తన మనసులో మాట చెప్పింది: చిరునామా మరీ పొడుగు.

ఖాతా పేరు చూస్తే సంగతి తేలింది. బావగారు అక్కడ తన పేరుతో పాటు నేత్ర పరీక్షా నిపుణ, కటక కళాప్రవీణ, వ్యాపారుల సంఘ మాజీ ఉపాధ్యక్ష అని ఖాళీ లేకుండా కొట్టించుకున్నారు. సాకెట్ చిరునామా ఆ పేరుగల ఫోల్డరు లోపలే ఉంది. అలాంటి చిరునామాకు ప్రతి సిస్టమూ ఒక హద్దు పెడుతుంది, అన్నిటి హద్దూ ఒకటి కాదు. పాత కంప్యూటరు ఆ గౌరవాన్ని చివరి అక్షరం దాకా మోసింది. నాలుగు అక్షరాలు తక్కువ పట్టే కొత్తది 'మాజీ ఉపాధ్యక్ష' దగ్గర చేతులెత్తేసింది.

నిదానం భర్తకు ఫోన్ చేసింది. "మీ అన్నయ్యని ఒక బిరుదు తగ్గించుకోమనాలి."

"ఏది?"

"మాజీ ఉపాధ్యక్ష."

"ఎన్నికల్లో ఓడిపోయాక కూడా ఆయన దాన్ని వదల్లేదు. అది తప్ప ఇంకేదైనా చెయ్యి."

చేసింది. కిటికీని బావగారి ఫోల్డరులోంచి తీసి, తాత్కాలిక ఫైళ్ళుండే చోట ఒక్కో ఖాతాకూ విడిగా, పొట్టి పేరుతో పెట్టింది. తెరిచే ముందు ఆ సిస్టం హద్దెంతో కనుక్కుని చిరునామాను కొలిచే ఏర్పాటు చేసింది. ఇక నుంచి తప్పు జరిగితే అసలు కారణమే తెర మీదికి వచ్చేలా మార్చింది. పాతదాంట్లో నడిపింది, కొత్తదాంట్లో నడిపింది, తాళం లాగినట్టు మళ్ళీ రెంటిలోనూ నడిపింది.

సాయంత్రం మొదటి గిరాకీగా వచ్చినావిడ మిషనుకు గడ్డం ఆనించింది. బావగారు చేతులు వెనక్కి కట్టుకుని న్యాయమూర్తిలా నిలబడ్డారు. చీటీ బయటికొచ్చింది. మేస్త్రి అందుకుని లోపలికెళ్ళాడు, కాసేపటికి అరగదీసే చక్రం గుర్రుమంది. అంత కర్ణకఠోరమైన చప్పుడు అంత హాయిగా ఉంటుందని ఆమెకు అంతవరకు తెలియదు.

"ఏమిటట రోగం?" అన్నారు బావగారు.

"మీ ముందు కాస్త మొహమాటపడింది బావగారూ. ఇప్పుడు పోయింది."

"నేనంటే అలాగే ఉంటుందిలే. రెడీమేడ్‌వాళ్ళకి వద్దని చెప్పేస్తా." ఆయన గొంతు సవరించుకున్నారు. "అన్నట్టు, సంఘంవాళ్ళు నన్ను గౌరవ సలహాదారుగా వేసుకుంటున్నారు. అది కూడా నా పేరు పక్కన చేర్చాలి. నీ ప్రోగ్రాముకేం ఇబ్బంది లేదుగా?"

"ఎన్నైనా చేర్చుకోండి బావగారూ," అంది నిదానం, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఇంటికొచ్చి ఆమె కాఫీ వేడిగానే తాగేసింది. అత్తగారు దగ్గరికొచ్చి నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.