పొట్టి బండి, పొడుగు దూలం

ఆ బండి వెనక బాడీ పొడవు సరిగ్గా అయిదడుగుల రెండంగుళాలు. కొన్న రోజున అతను టేపు పెట్టి కొలిచి, ఆ అంకెను సుద్దముక్కతో క్యాబిన్ వెనక రాసి, నడుం మీద చేతులు వేసుకుని దాని ఎదురుగా నిలబడ్డాడు. చూడ్డానికొచ్చిన వడ్రంగి మేస్త్రికి నవ్వాగలేదు.

"ఇందులో ఏం మోస్తావయ్యా, టమాటాలా?"

"కలప," అన్నాడతను.

"పదహారడుగుల దూలాన్నా? ఏనుగుని తెచ్చి కోడిగంప కింద దాస్తానన్నాట్ట నీలాంటివాడే!"

అతను మొదటినుంచీ మితభాషి. అప్పటికి పదకొండేళ్ళుగా కలప అడితిలో దుంగలెత్తుతున్నవాడు. ఊరి పైభాగమంతా మెట్ట మీద ఉంటుందనీ, అక్కడి సందుల్లో లారీ దూరదనీ, ఇల్లు కట్టుకునేవాళ్ళు కలపను కింద దింపించుకుని భుజాల మీద మోయిస్తారనీ అతనికి తెలుసు. పెద్ద బండి మెట్ట ఎక్కలేదు, చిన్న బండిలో పెద్ద కలప పట్టదు. ఎవరో ఒకరు చిన్న బండిలో పెద్ద కలపని పట్టించాలి. అంతే అతని ఆలోచన.

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. ఆ పొట్టి బండికి బుద్ధులన్నీ అతనే నేర్పాడు. క్యాబిన్ వెనక ఇనప చట్రం నిలబెట్టి వెల్డింగ్ చేయించాడు. దూలం మొదలు ఆ చట్రం మీద ఆని బానెట్టుదాకా వెళ్తుంది. కొస వెనక తలుపు అంచు మీద ఆని నాలుగడుగులు బయటికి వేలాడుతుంది. లావుగా, బరువుగా ఉండే మొదలు ఎప్పుడూ ముందుకే ఉండాలి, లేకపోతే బండి ముందు చక్రాలు తేలిపోతాయి. మెట్ట ఎక్కుతుంటే కలప వెనక్కి జారాలని చూస్తుంది, దిగుతుంటే ముందుకి. అందుకని ఆనిన ప్రతిచోటా పాత టైరు ట్యూబు ముక్కలు, ముందు బంపరుకొక తాడు, వెనక కొక్కేనికొక తాడు. కొసకి ఎర్ర గుడ్డ. రెండేళ్ళు తిరక్కుండానే అతని అసలు పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. అందరికీ పొట్టిబండాయనే.

అతనికో అలవాటుండేది. ఏ ఇంట్లో టీ ఇచ్చినా, గ్లాసు చేతిలో పట్టుకుని తలెత్తి కప్పుకేసి చూసేవాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే విన్నాను గానీ, నిజంగా లెక్కపెట్టేవాణ్ణి నిన్నే చూశా," అనేవాడు మేస్త్రి. "నేను తెచ్చినవి ఇరవై రెండు. నువ్వు ఇరవయ్యొకటే వేశావు. మిగతాదేదీ?" అనేవాడతను. మేస్త్రి మాట మార్చేవాడు.

భార్య ఈ పనిలోకి రావడం అనుకోకుండా జరిగింది. వెనక కూర్చుని కొసని కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి ఒక పొద్దున రాలేదు. అడితిలో బండి మీద కలప కట్టేసి ఉంది. అతను ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "ఒక్క గంట వస్తావా?" అని అడిగాడు. ఆమె చేతులు తుడుచుకుని, పొయ్యి ఆర్పి, వచ్చింది. ఆ ఒక్క గంట పంతొమ్మిదేళ్ళు సాగింది.

మడత పెట్టిన గోనె మీద, కలప పక్కన ఒదిగి కూర్చునేదామె. ముందు కూర్చున్నవాడికి అద్దంలో కలప తప్ప ఏమీ కనబడదు. బండి ఎడమకి తిరిగితే కొస కుడికి ఊగుతుంది, కుడికి తిరిగితే ఎడమకి. ఆ ఊపులో ఏ గోడ ఉందో, ఏ గుమ్మం ఉందో, ఎవరు నిలబడ్డారో ఆమే చూడాలి. క్యాబిన్ కప్పు మీద అరచేత్తో ఒక దెబ్బ వేస్తే ఆగాలి, రెండు వేస్తే పోవాలి. ఇంట్లో కూడా వాళ్ళ సంసారం దాదాపు అంత క్లుప్తంగానే సాగేది, కాకపోతే దెబ్బలుండేవి కావు.

చెవి పోవడం ఎప్పుడు మొదలైందో అతనికే తెలియదు. అడితి వెనకే రంపపు మిల్లు, దాని పక్కనే పదకొండేళ్ళు, ఆ తర్వాత ఇంజన్ పక్కన ఇరవై ఏళ్ళపైన. ముందు గడియారం చప్పుడు పోయింది. తర్వాత వాన చప్పుడు. భార్య చెయ్యి మెత్తబడిందేమో, కప్పు మీద గట్టిగా కొట్టడం లేదేమో అనుకున్నాడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకున్నాడు. ఒకసారి మేస్త్రి పక్కకి తిరిగి, "వాసాలు ఎప్పుడు తెస్తావ్?" అనడిగితే, "మోసాలు నాకు చేతకావు మేస్త్రీ, ఎవరన్నారు?" అని కోపం తెచ్చుకున్నాడు. మేస్త్రి పగలబడి నవ్వాడు. అతనూ నవ్వాడు గానీ, ఇంటికెళ్ళాక చాలాసేపు చెవిలో వేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికీ చెప్పలేదు. వినబడదంటే బండి ఎవరు నడపనిస్తారు, కలప ఎవరిస్తారు? అన్నిటికంటే, ఆమె మళ్ళీ వెనక కూర్చుంటుందా?

ఆ రోజు పదహారడుగుల దూలం. మెట్ట మీద బట్టలు కుట్టే ఆవిడ మేడ మీద గది వేయించుకుంటోంది. మెట్ట మధ్యలో సందు ఎడమకి మలుపు తిరుగుతుంది. మలుపులో కుడిపక్క క్షౌరశాల. అక్కడ రెండుసార్లు ముందుకీ వెనక్కీ వెళ్తే గానీ బండి తిరగదు. మొదటిసారి ముందుకి పోనిచ్చాడు. దూలం కొస కుడికి ఊగింది. ఆమె ఒక దెబ్బ కొట్టింది. బండి ఆగలేదు. ఇంకో దెబ్బ. పిడికిలితో కొట్టింది. గొంతు చించుకుని అరిచింది. ఎర్ర గుడ్డ కట్టిన కొస తిన్నగా క్షౌరశాల తెరిచిన గుమ్మంలోకి దూరి, గోడనున్న పెద్ద అద్దం వైపు పోతోంది. కుర్చీలో ఉన్నాయన సగం గడ్డంతో, మెడలో తువ్వాలుతో బయటికి దూకాడు.

ఆమె బండిలోంచి కిందకి దూకింది. మోకాలు నేలకి గీసుకుపోయింది. లేచి బండి పక్కనుంచి పరిగెత్తి, ముందుకొచ్చి రెండు చేతులూ చాచి నిలబడింది.

అతను బ్రేకు తొక్కాడు. బండి ముందద్దంలోంచి భార్య కనబడుతోంది. నోరు కదులుతోంది. మెడ నరాలు ఉబ్బాయి. కానీ మాట రావడం లేదు. ఈవిడ అరవకుండా అరుస్తోందేమిటి అని ఒక్క క్షణం అనుకున్నాడు. ఆ తర్వాత అర్థమైంది.

దూలం అద్దానికి జానెడు దూరంలో ఆగింది. దువ్వెనల డబ్బా ఒకటి కింద పడింది, అంతే. క్షురకుడు దూలం కొసని చేత్తో నెమ్మదిగా పక్కకి జరిపి, "తల ప్రాణం తోకకొచ్చిందయ్యా!" అన్నాడు. సగం గడ్డమాయన మాత్రం ఇక లోపలికి రానని భీష్మించుకుని వీధిలోనే మిగతా గడ్డం గీయించుకున్నాడు.

ఇంజన్ ఆపేశాక ఆమె వచ్చి పక్క సీట్లో కూర్చుంది. మోకాలి మీది మట్టి దులుపుకుంది. అతను నేలకేసి చూస్తూ అన్నాడు. "నాకు వినబడలేదే."

ఆమె అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది, పెదాలు కనబడేలా. "తెలుసు. ఆర్నెల్లయింది తెలిసి."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశా. చూసి చూసి నా అరచెయ్యి కాయ కాసింది."

చెవి డాక్టరు పరీక్ష చేసి, పోయింది తిరిగి రాదన్నాడు. చిన్న మిషను ఇచ్చాడు. ఇంట్లో, నిశ్శబ్దంలో అది పనిచేసేది. బండెక్కితే మాత్రం ఇంజన్ రొద తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. అతను బండి మీద టార్పాలిను కప్పి, నాలుగు మూలలా తాడు కట్టాడు. కొనేవాళ్ళుంటే చెప్పమన్నాడు. ఇరవై రోజులు గోడకి చేరబడి కూర్చున్నాడు. ఇంట్లో తాళ్ళన్నీ విప్పి, చుట్టి, మళ్ళీ విప్పాడు.

ఇరవయ్యొకటో రోజున మేస్త్రి వచ్చాడు. మెట్ట మీద రెండిళ్ళు కప్పులు లేకుండా ఆగిపోయి ఉన్నాయన్నాడు.

"నడిపేవాళ్ళు లేరు," అన్నాడతను.

"నేను నేర్చుకుంటా," అంది ఆమె గుమ్మంలోంచి.

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. అతను మిషను సరిచేసుకుని, "ఏమన్నావ్?" అన్నాడు.

"బాగానే వినబడింది నీకు. వెనక కూర్చునేవాళ్ళకి కళ్ళుండాలి, ముందు కూర్చునేవాళ్ళకి చెవులుండాలి. నీకు కళ్ళున్నాయి, నాకు చెవులున్నాయి. ఇన్నాళ్ళూ తిరగేసి కూర్చున్నాం."

ఇటుకల బట్టీ పక్క ఖాళీ స్థలంలో నేర్పాడు. అంత నెమ్మదైన మనిషి గురువుగా మారేసరికి ఎక్కడలేని కోపమూ వచ్చేది. "క్లచ్! క్లచ్ అంటే కాలు పీట కాదే!" అని అరిచేవాడు. "చెవుడు నీకా నాకా, అంత అరుస్తావేం?" అనేదామె. మొదటి వారం బండి కప్పలా గెంతింది. రెండో వారం నడిచింది. మూడో వారం పన్నెండడుగుల వాసాలు నాలుగు కట్టి తిప్పించాడు. అప్పుడు చూశాడు అసలు సంగతి. ఆమె తిప్పే ప్రతి మలుపూ అతను తిప్పేదానికంటే వెడల్పుగా ఉంది. కొస ఎక్కడికి ఊగుతుందో వెనక్కి చూడకుండానే ఆమెకి తెలుసు. పంతొమ్మిదేళ్ళు ఆమె చూసింది కొసనే మరి.

లైసెన్సు పరీక్షలో అధికారి ఆమె చేత బండిని వెనక్కి నడిపించాడు. గీత దాటకుండా, కర్ర తగలకుండా తెచ్చి నిలబెట్టింది. "రివర్సు ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అనడిగాడాయన. "వెనకే ఉన్నానండి ఇన్నాళ్ళూ," అంది. ఆయనకి అర్థం కాలేదు గానీ సంతకం పెట్టాడు.

మొదటి లోడు పద్దెనిమిది వాసాలు. కట్టడం అతనే కట్టాడు, ప్రతి ముడీ రెండుసార్లు లాగి చూశాడు. గోనె మీద కూర్చుని రెండు దెబ్బలు వేశాడు. బండి కదిలింది. క్షౌరశాల మలుపులో, ఎందుకైనా మంచిదని క్షురకుడు తలుపు మూసి బయట నిలబడ్డాడు. ఆమె ఒక్కసారి వెనక్కి తీసి, వెడల్పుగా తిప్పి, మలుపు దాటించేసింది. అతను ఆగమని కొట్టాల్సిన అవసరమే రాలేదు. అందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. పైకి చేరాక మేస్త్రి వాసాలు దింపుతూ, "తోక దగ్గర కూర్చోవడం ఎలా ఉందయ్యా?" అంటే, "తలకంటే నయం," అన్నాడు.

నాలుగేళ్ళు గడిచాయి. ఇప్పుడూ వాళ్ళదే ఆ మెట్టకి కలప. కొత్త అలవాటు మాత్రం ఒకటి పట్టుకుంది అతనికి. కలపకి వీపు ఆనించి, పచ్చి చెక్క వాసన పీలుస్తూ, రొదంతా దూరంగా ఎక్కడో జరుగుతున్నట్టు ఉంటే, మేడలు చూస్తూ వెళ్తాడు. మొన్న లోడు దింపి, నీడన ఇద్దరూ అన్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు అడిగాడు.

"ఆ మందుల షాపు పైన, రెండో అంతస్తులో నీలం కిటికీలున్నాయి. ఒక కిటికీలో పిల్లి కూర్చుని ఉంది. ఆ కిటికీలు ఎప్పుడు పెట్టారే?"

"మనం బండి కొనకముందు నుంచీ ఉన్నాయి. పిల్లులు మాత్రం మూడు మారాయి."

అతను నమలడం ఆపాడు. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు రోడ్డు చూసుకుంటున్నావు కదా," అంది ఆమె. మూత పెట్టి, డబ్బా సంచిలో వేసి, తాళంచెవి తీసుకుని లేచింది. "పద, అడితిలో ఇంకా పధ్నాలుగు అడుగులవి ఆరున్నాయి. వాన వచ్చేలోపు ఎక్కించాలి."