ఎదురింటి కోడలు అడిగిన మాట

ఎదురింటాయన నిన్న రాజమహేంద్రవరం ఆసుపత్రి నుంచి తిరిగివచ్చాడు. కారు దిగి, ఎవరి చేయీ పట్టుకోకుండా మెట్లెక్కి, కాఫీ ఆలస్యమైందని కేకలు కూడా వేశాడు. ఒకప్పుడు మా పొలాలు కౌలుకు చేసినవారి కొడుకతను. ఇప్పుడు ఆ పొలాల్లోనే వాళ్ళ రొయ్యల చెరువులున్నాయి. ఆ చెరువులను చూసి నేనెన్నడూ కుళ్ళుకోలేదు. నాకు అసూయ పుట్టించింది ఈమధ్య వాళ్ళ అరుగు మీద వినిపించిన ఒక మాట.

ఆయనకు వాంతులు, విరేచనాలు పట్టుకుని తగ్గాయి. మర్నాడు కోడలు గుమ్మంలో నిలబడి అడిగింది.

“మావయ్యగారూ, పొద్దున్నించీ ఒంటికెళ్ళారా, లేదా?”

“ఊరంతా వినేలా అడుగుతావేంటమ్మా! మైకు తెప్పించమంటావా?”

“తర్వాత తెప్పిద్దాం లెండి. ముందు చెప్పండి.”

వెళ్ళలేదని ఆయన గొణిగాడు. ఆ అమ్మాయి పుట్టింట్లో ఎవరికో ఇలాగే మూత్రం ఆగి కిడ్నీలు దెబ్బతిన్నాయట. వెంటనే కారు తీయించింది.

మా నాన్నగారికీ ఇదే జబ్బు వచ్చింది. నేనప్పుడు కాలేజీలో చేరిన కొత్త. బంధువుల ఇంట పెళ్ళిభోజనం చేసి వచ్చాక విరేచనాలు మొదలైతే, కడుపు ఎండగడితేగానీ కట్టవని నాయనమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వనివ్వక, తడిగుడ్డతో పెదవులు మాత్రం తుడిపించింది. మన తరంవారికి చెప్పనక్కరలేదు, అన్ని ఇళ్ళలోనూ అదే వైద్యం. విరేచనాలు కట్టాయి, ఇల్లు ఊపిరి పీల్చుకుంది. మూత్రం కూడా ఆగిపోయిందన్న సంగతి నాన్నగారొక్కరికే తెలుసు. ఊరి తగవులు తీర్చే మనిషి అలాంటి మాట నోట పలకడమా? నలుగురి ముందు ఆయనతో నేరుగా మాట్లాడని అమ్మ, అలాంటి ప్రశ్న వేయడమా? ఆపైన ఆయన ముఖం నిండుగా వచ్చింది, పాదాలు నునుపు తేలాయి. చిక్కిన మనిషి ఎంత త్వరగా తేరుకున్నాడోనని చూడవచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటే, నాయనమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. అది వాపని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆయాసం వచ్చాకగానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. ఆఖరుసారి మూత్రానికి ఎప్పుడు వెళ్ళారని డాక్టరు అడిగితే, వెంట వచ్చినవాళ్ళం విరేచనాలు ఎప్పుడు కట్టాయో చెప్పాం. కాస్త ముందు తెచ్చివుంటే, ఒంట్లోకి నీరెక్కిస్తే ఆ కిడ్నీలు కోలుకునేవేమోనన్నాడు. నాన్నగారు ఇంటికి తిరిగి రాలేదు.

ఇప్పుడు టీ కొట్ల దగ్గర కూడా కిడ్నీల పరీక్షలో చూసే క్రియాటినిన్ మాట వినిపిస్తోంది. కోడళ్ళు మామగార్లను నిలదీస్తున్నారు, వాళ్ళు విసుక్కుంటూనే జవాబు చెబుతున్నారు. మంచి మార్పే, కాదనను. పొలాలు పోయినందుకు ఎవరినీ ఏమీ అనని నేను, మా ఇంట్లో ఆ ఒక్క ప్రశ్నా లేకపోయినందుకు మాత్రం ఇన్నేళ్ళయినా సమాధానపడలేకపోతున్నాను. నాన్నగారు చూడని వయసుకు చేరి, ఎదుటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కోడలిమీద చిరాకుపడుతున్న ఆ మనిషిని పలకరించి రావడం మర్యాదని తెలుసు. నాకింకా గడప దాటబుద్ధి కావడం లేదు.