గండికోట నుంచి తెచ్చిన స్పెయిన్ దొర

ప్రొద్దుటూరులో స్పానిష్ చెప్పే బడి ఉందంటే బయటి ఊళ్ల వాళ్లు నమ్మరు. ఉంది. ఊరి చివర నీలం అద్దాల భవనం. పేరులో 'ఇంటర్నేషనల్' అని ఉంది కాబట్టి దానికి సాక్ష్యంగా ఏదో ఒకటి చూపించాలి. యజమాని నారాయణ మొదట గుర్రపు స్వారీ అనుకున్నాడట. గుర్రాలకు మేత దండగని స్పానిష్ పెట్టాడు. ఈ మాట ఆయనే స్టాఫ్ రూంలో నవ్వుతూ చెప్పాడు, జీవిత ఎదురుగానే.

ఆ స్పానిష్ చెప్పేది జీవితే. వాళ్లది జమ్మలమడుగు. తండ్రి సత్యానందం మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. హైదరాబాదులో డిగ్రీ చదువుతూ సాయంత్రం తరగతుల్లో ఆమె ఆ భాష నేర్చుకుంది. తర్వాత కొన్నేళ్లు ఒక కంపెనీలో మెక్సికో వాళ్ల ఫిర్యాదులు ఫోనులో వింటూ బతికింది. కంపెనీ ఆ విభాగాన్ని ఎత్తేయగానే ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు వస్తుంది, చేతిసంచిలో చీనీకాయలు, అంటే బత్తాయిలు, అరటిపళ్లు పెట్టుకుని.

ఆ పళ్లు పాఠానికి. స్పానిష్‌లో ఒక వస్తువు పేరు ఒకసారి చెప్పాక మళ్లీ మళ్లీ చెప్పరు. దాని బదులు ఒక చిన్న మాట వేస్తారు. చీనీకాయ వాళ్లకు స్త్రీలింగం, కాబట్టి 'లా'. అరటిపండు పుంలింగం, కాబట్టి 'లో'. ఆ చిన్న మాట క్రియకు ముందు రావాలి. 'చీనీకాయ కొంటావా?' అంటే 'లా కొంప్రో', దాన్ని కొంటాను అనాలి. మన పిల్లలకు ఇక్కడే చిక్కు. అంగట్లో 'కొంటావా?' అంటే 'కొంటా' అంటాం, దేన్నో ఎవరూ చెప్పరు. అందుకే తరగతి అంతా 'కొంప్రో, కొంప్రో' అని ఊరుకునేది.

"దేన్ని కొంటావు? బడినా, బస్టాండునా?" అని జీవిత అడిగేది.

"బస్టాండు కొంటా మేడమ్," అనేవాడు యశ్వంత్. వాడు నారాయణ తమ్ముడి కొడుకు.

నెలలు పట్టింది. ఏడో తరగతిలో మొదట పట్టుకున్నది ఖదీజా. గుడ్డల అంగట్లో గుమాస్తా కూతురు, నోరు తెరిస్తే తప్పు దొర్లుతుందేమోనని పెదవులు బిగించుకుని కూర్చునే పిల్ల. ఒకరోజు తనంతట తనే లేచి, జీవిత చేతిలోని చీనీకాయను చూపిస్తూ 'లా కొంప్రో' అంది. తర్వాత రెండు కాయలు చూపిస్తే 'లాస్ కొంప్రో' అంది. ఆ బహువచనం ఎవరూ చెప్పలేదు, తనే కట్టుకుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల నోరు ఆగలేదు.

నారాయణకు పులివెందులలో చీనీ తోటలున్నాయి. అక్కడ రెండో బడి కట్టాడు. అందులో భాషల విభాగం మొత్తం జీవితకే ఇస్తానన్నాడు. బట్టీ లేకుండా, ఒకటో తరగతి నుంచి తన పద్ధతిలో చెప్పుకోవచ్చు. ఆమె దాని గురించి ఇంట్లో ఎన్నోసార్లు మాట్లాడింది. పులివెందుల తల్లిదండ్రుల ముందు ఇక్కడి వార్షికోత్సవం బాగా జరిగితే చాలన్నాడు ఆయన.

వార్షికోత్సవం ముందురోజు పిలిచి చెప్పాడు. "మేడమ్, రేపు స్పెయిన్ నుంచి ఒకాయన వస్తాండాడు. మన పిల్లోల్లు ఆయప్పతో మాట్లాడల్ల."

జీవిత నిజంగానే సంతోషించింది. అదే జాలి పుట్టించే సంగతి.

మరుసటిరోజు ఆఫీసు గదిలో సోఫా మీద ఒక తెల్లాయన కూర్చుని ఉన్నాడు. దుమ్ముకొట్టిన చెప్పులు, పక్కన పెద్ద సంచి. జీవిత స్పానిష్‌లో పలకరించింది. ఆయన నవ్వి, వచ్చీరాని ఇంగ్లీషులో తనది పోలండ్ అన్నాడు. గండికోట చూడటానికి వచ్చాడట. అక్కడ నారాయణ కారు డ్రైవరు పిల్లల పండగ ఉంది రమ్మంటే వచ్చాడట. ఆయన తప్పేమీ లేదు. ఎవరో టీ ఇస్తే తాగుతున్నాడు.

ఆమె నారాయణను పక్కకు పిలిచింది. "సార్, ఆయనకు స్పానిష్ ఒక్క ముక్క రాదు."

"పోలండో హాలండో, తెల్లగుండాడు గదమ్మా. ఈడ ఎవురికి తెలుస్తాది?"

"పిల్లలకు తెలుస్తుంది సార్."

"నువ్వు చెప్తేనే గదా. ఆయప్ప ఏదో ఒకటి అంటాడు. నువ్వు తెలుగులో శానా బాగ చెప్పు. పులివెందులోల్లు ముందు వరసలో కూచోనుండారు, చూసుకో."

శాలువా కప్పారు. మెడలో గజమాల వేశారు. 'స్పెయిన్ దేశపు విద్యావేత్త' అని మైకులో మూడు భాషల్లో చెప్పారు, ఆ దేశపు భాషలో తప్ప. పోలండ్ ఆయన అందరికీ నమస్కారం పెట్టాడు.

ఖదీజా చీనీకాయ పట్టుకుని ముందుకు వచ్చింది. తాను అంగడి నడుపుతున్నట్టు, కాయను ఇవాళే కోసినట్టు స్పానిష్‌లో చక్కగా చెప్పి, చేయి చాచి, "లా కియెరె, సెన్యోర్?" అంది. ఇది కావాలా అయ్యా అని.

ఆయన నవ్వాడు. "సీ, సీ! అమీగో!" అన్నాడు, ఎక్కడో విన్న రెండు మాటలు. కాయ తీసుకోలేదు. ఖదీజా మళ్లీ నెమ్మదిగా అడిగింది. ఆయన దిక్కుతోచక జీవిత వైపు చూశాడు.

వెనక వరసలో ఎవరో అన్నారు, "ఏంది మామా, ఆ పాప మాట స్పెయినోనికే అర్థం కాల్యా!" జనం ఘొల్లుమన్నారు.

నారాయణ మైకు అందుకున్నాడు. "సార్ ఏమంటాండాడో మనోల్లకు చెప్పండి మేడమ్."

జీవిత చెప్పింది. "పిల్లల ఉచ్చారణ ఇంకా కొంచెం మెరుగుపడాలట. పులివెందులలో కూడా ఇలాంటి బడి రావాలని కోరుకుంటున్నారట."

చప్పట్లు మోగాయి. ఖదీజా చాచిన చేయి దించుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో జీవిత అన్నం ముందు కూర్చుని తినలేకపోయింది. సంగతి విన్న సత్యానందం చేతిలోని ముద్ద కంచంలో పెట్టాడు. తర్వాత అన్నాడు, "మా తాత మిషన్ దొరల పక్కన నిలబడి వాళ్ల మాట తెలుగులో చెప్పినోడు. దొర తప్పు మాట్లాడితే తప్పే చెప్పినాడు గానీ, దొర అనని మాట ఎప్పుడూ చెప్పలేదు మ్మే."

తల్లి సుందరి కసిరింది. "తినే కాడ ఏందయ్యా నీ తాతల పురాణం! బిడ్డను కూడు తిననీ."

"నాన్నను అననీ అమ్మా," అంది జీవిత. "నాకే రోతగా ఉంది."

సోమవారం తరగతిలో చీనీకాయ ఎత్తి ఖదీజాను అడిగింది.

"కొంప్రో," అంది ఖదీజా. అంతే.

"దేన్ని?"

ఖదీజా పుస్తకం మూసింది. మళ్లీ అడిగితే తల వంచుకుని తెలుగులో అంది, "నేను చెప్పేది తప్పంట గదా మేడమ్. స్పెయిన్ సారే చెప్పినాడంట. మీరే చెప్పినారు గదా మైకులో."

జీవిత పండు బల్ల మీద పెట్టింది. పులివెందుల గురించి ఆలోచించకుండా ఉండదు కదా, ఆలోచించింది. యశ్వంత్ ముందు బెంచీలోనే ఉన్నాడు. ఇక్కడ అన్న మాట గంటలో ఆఫీసుకు చేరుతుంది.

"నువ్వు చెప్పింది సరిగ్గా ఉంది ఖదీజా," అంది. "ఆయనది స్పెయిన్ కాదు. ఆయనకు స్పానిష్ రాదు. ఉచ్చారణ గురించి ఆయన ఏమీ అనలేదు, నేనే కల్పించి చెప్పాను. అబద్ధం చెప్పాను."

యశ్వంత్ మొహం చిట్లించాడు. "థూ! మా నాయన ఆయనతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టినాడు మేడమ్!"

ఖదీజా నవ్వలేదు. జీవితను చాలాసేపు చూసింది. ఆ చూపులో మన్నింపు లేదు. కానీ లేచి నిలబడి, "లా కొంప్రో," అంది, గట్టిగా, బయటి వరండాకు వినపడేట్టు.

మధ్యాహ్నానికి నారాయణ పిలిపించాడు. "పిల్లోల్లకు చెప్పాల్సిన మాటనా అది? మా పరువేం గావల్ల? పులివెందుల సంగతి మరిచిపో ఇంక."

"మరిచిపోయినాను సార్."

తీసేయలేదు. ఈ చుట్టుపక్కల ఇంకొకరు దొరకరు. పులివెందుల పోస్టు ఆయన బావమరిది కూతురు భార్గవికి పోయింది. ఆ అమ్మాయి ఫోనులో రెండు నెలలు స్పానిష్ నేర్చుకుంది. మిగిలింది నేర్పే పని జీవితకే పెట్టారు, దానికి కూడా సిగ్గుపడకుండా.

మొదటి రోజే భార్గవి గోళ్లు చూసుకుంటూ అడిగింది. "అక్కా, ఈ లో, లాలు ఎగరగొట్టి చెప్పకూడదా? పులివెందులలో ఎవురు అడుగుతారు?"

"అక్కడి సంగతి నాకు తెలియదు," అంది జీవిత. "ఇక్కడ మాత్రం నువ్వు ముందు ఏడో తరగతిలో పాఠం చెప్పి చూపించాలి. అక్కడ ఖదీజా అని ఒక పిల్ల ఉంది. అది అడుగుతుంది."